బ్లాక్ డాలియా: సెట్లు దొరికాయి, కేసు తప్పిపోయింది

అక్క: నమస్కారం అండీ. ఈ వారం మనం మాట్లాడుకునే సినిమా "ది బ్లాక్ డాలియా". 2006లో వచ్చింది, డైరెక్టర్ బ్రయన్ డి పామా. 1947 నాటి లాస్ ఏంజెలిస్, ఒక దారుణమైన హత్య, ఇద్దరు పోలీసులు. ముందే చెప్పేస్తున్నాం, హంతకులెవరో కూడా దాచకుండా మాట్లాడుకుంటాం. చూడాలని ఉన్నవాళ్ళు ఇక్కడ ఆపి, సినిమా చూసి రండి.

తమ్ముడు: నువ్వు నిజంగానే చూసి రమ్మంటున్నావా అక్కా?

అక్క: మర్యాద కోసం అన్నానురా.

తమ్ముడు: నాకైతే ఆ పేర్ల జాబితా చూస్తేనే నోరూరింది. డి పామా డైరెక్షన్. కెమెరా విల్మోస్ జిగ్మండ్. సెట్లు డాంటే ఫెరెట్టి. జాష్ హార్ట్‌నెట్, ఆరన్ ఎకార్ట్, స్కార్లెట్ జొహాన్సన్, అప్పటికే రెండు ఆస్కార్లు కొట్టిన హిలరీ స్వాంక్. కథేమో జేమ్స్ ఎల్రాయ్ 1987లో రాసిన నవల. ఇంతమంది కలిస్తే సినిమా పోవడం కూడా కష్టమే కదా!

అక్క: వీళ్ళు ఆ కష్టం కూడా పడ్డారు. వెనిస్ ఫిల్మ్ ఫెస్టివల్ ఆ ఏడాది ఈ సినిమాతోనే మొదలైంది. ఖర్చు సుమారు 5 కోట్ల డాలర్లు. ప్రపంచమంతా తిరిగి వసూలు చేసింది కూడా దాదాపు అంతే. అందులో థియేటర్ల వాటా పోగా ఏం మిగిలి ఉంటుందో ఊహించుకో.

తమ్ముడు: డబ్బు సంగతి వదిలెయ్. డబ్బు రాని మంచి సినిమాలు బోలెడున్నాయి. అసలు కేసు ముందు చెప్పు. తెలియనివాళ్ళు ఉంటారు.

అక్క: 1947 జనవరి 15, పొద్దున. లాస్ ఏంజెలిస్‌లో లీమర్ట్ పార్క్ అనే పేట. అప్పటికింకా ఇళ్ళు పూర్తిగా లేవలేదు, ఖాళీ ప్లాట్లు ఉన్నాయి. ఒకావిడ తన చిన్నపాపను తీసుకుని నార్టన్ అవెన్యూలో నడిచి వెళ్తూ, గడ్డిలో తెల్లగా ఏదో కనిపిస్తే బట్టల షాపు బొమ్మ అనుకుంది. నడుము దగ్గర రెండు ముక్కలు చేసి పడేసిన ఒక యువతి శవం అది. వివరాలు ఇంకా ఉన్నాయి గానీ నేను చెప్పను, కావలసినవాళ్ళకు ఎక్కడైనా దొరుకుతాయి. ఒక్కటి మాత్రం చెప్పాలి. అక్కడ రక్తం లేదు. ఎక్కడో చంపి, కడిగి, తెచ్చి పెట్టారు.

తమ్ముడు: ఆ అమ్మాయి ఎలిజబెత్ షార్ట్. పత్రికల్లో "బ్లాక్ డాలియా" అని పేరుపడింది ఈమే. 22 ఏళ్ళు. మసాచుసెట్స్ రాష్ట్రంలో మెడ్‌ఫర్డ్ అనే ఊళ్ళో పెరిగింది.

అక్క: ఆమె ఎవరో ఎలా కనుక్కున్నారో తెలుసా? ఆ ఒక్క ముక్క చాలు, నాకు ఈ సినిమా మీద కోపం ఎందుకొచ్చిందో అర్థమవడానికి. శవం దగ్గర బట్టల్లేవు, కాగితాల్లేవు. ఉన్నవి వేలిముద్రలే. వాటిని వాషింగ్టన్‌లో ఎఫ్.బి.ఐ. దగ్గరకు పంపాలి. ఎగ్జామినర్ అనే పత్రిక దగ్గర ఫొటోలను టెలిఫోన్ లైను మీద పంపే సౌండ్‌ఫొటో మెషిన్ ఉంది. మా మెషిన్ వాడుకోండి అన్నారు వాళ్ళు. ముద్రలు లైను మీద వెళ్ళాయి. అటువైపు ఫైళ్ళలో వెతికి, 56 నిమిషాల్లో పేరు చెప్పేశారు.

తమ్ముడు: 1947లో 56 నిమిషాలా!

అక్క: కంప్యూటర్లు లేవు, అట్ట కార్డులు తిరగేసి వెతకడమే. ఆమె ముద్రలు రెండు చోట్ల ఉన్నాయి. 1943లో క్యాంప్ కుక్ అనే మిలిటరీ స్థావరంలో సరుకుల దుకాణంలో క్లర్కు ఉద్యోగానికి అప్లై చేసింది. అదే ఏడాది కొన్ని నెలల తర్వాత శాంటా బార్బరాలో, వయసు చాలకుండా మద్యం తాగిందని పోలీసులు పట్టుకున్నారు. ఒక అమ్మాయి బతుకులోని రెండు చిన్న కాగితాలు. వాటివల్లే ఆమెకు పేరు తిరిగొచ్చింది. దీన్ని సీనుగా తీస్తే ఎలా ఉంటుంది చెప్పు?

తమ్ముడు: మెషిన్ డ్రమ్ము తిరుగుతూ ఉంటుంది. అటు గదిలో డ్రాయర్లు లాగుతూ ఉంటారు. గోడ మీద గడియారం. అబ్బా, నేనే తీసేలా ఉన్నాను!

అక్క: సినిమాలో అది లేదు.

తమ్ముడు: ఆ పత్రికవాళ్ళ పని ఇంకోటి కూడా ఉంది కదా. వాళ్ళమ్మకు ఫోన్ చేసింది.

అక్క: అది వింటే ఒళ్ళు మండుతుంది. పేరు తెలియగానే ఎగ్జామినర్‌వాళ్ళు మెడ్‌ఫర్డ్‌లో ఉన్న తల్లికి ఫోన్ చేసి, మీ అమ్మాయి అందాల పోటీలో గెలిచింది అన్నారు. ఆ సంబరంలో ఆమె కూతురి గురించి తెలిసిందంతా చెప్పుకుంటూ పోయింది. కావలసినవన్నీ రాబట్టుకున్నాక అసలు సంగతి చెప్పారు.

తమ్ముడు: ఛీ.

అక్క: కొన్ని రోజులకు ఆ పత్రికకే ఒక కవరు వచ్చింది. లోపల ఎలిజబెత్ జనన ధ్రువపత్రం, ఫొటోలు, ఒక అడ్రస్ పుస్తకం. వేలిముద్రలు దొరక్కుండా అన్నీ పెట్రోల్‌తో తుడిచి పంపారు. ఇంకోవైపు, నేనే చంపాను అంటూ డజన్ల కొద్దీ మనుషులు స్టేషన్లకు వచ్చారు. వాళ్ళలో ఎవరు పిచ్చివాళ్ళో, ఎవరు పేరు కోసం వచ్చారో తేల్చడానికే పోలీసులకు రోజులు పట్టేది. కోసిన తీరు చూసి డాక్టరీ చదివినవాళ్ళ పనేమో అని సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ మెడికల్ స్టూడెంట్లను కూడా పరిశీలించారు. ఏదీ తేలలేదు. కేసు ఈ రోజుకీ తేలలేదు.

తమ్ముడు: సినిమాలో తేలింది!

అక్క: తేల్చారు. అక్కడికి వద్దాం. ముందు నువ్వు కథ చెప్పు. క్లుప్తంగా చెప్పగలిగితే నీకో దండం.

తమ్ముడు: చూడు, ప్రయత్నిస్తాను. బకీగా హార్ట్‌నెట్, లీగా ఎకార్ట్, ఇద్దరూ పోలీసులు. ఇద్దరూ పాత బాక్సర్లు. పోలీసుల జీతాలు పెరగాలంటే జనం ఓటేయాలి, అందుకు ప్రచారంగా డిపార్ట్‌మెంటే వీళ్ళిద్దరికీ కుస్తీ... కాదు, బాక్సింగ్ పోటీ పెట్టిస్తుంది. ఒకడు ఫైర్, ఒకడు ఐస్. తర్వాత ఇద్దరూ పార్ట్‌నర్లు అవుతారు. లీ ఇంట్లో కే అనే అమ్మాయి ఉంటుంది. అదే స్కార్లెట్ జొహాన్సన్. బకీకి ఆమె మీద మనసు. ముగ్గురూ కలిసి సినిమాలకు వెళ్తారు, భోజనాలు చేస్తారు, ఒకళ్ళనొకళ్ళు అదోలా చూసుకుంటారు. ఆ తర్వాత శవం దొరుకుతుంది. లీకి ఆ కేసు పిచ్చి పడుతుంది. బకీకి ఏమో ఎలిజబెత్‌లా ఉండే మ్యాడెలీన్ అనే కోటీశ్వరుడి కూతురు తగులుతుంది.

అక్క: ఎలిజబెత్‌లా ఉండే.

తమ్ముడు: సినిమాలో అందరూ అదే అంటారు మరి. అచ్చు గుద్దినట్టు ఉందంటారు.

అక్క: హిలరీ స్వాంక్‌నీ, ఎలిజబెత్‌గా వేసిన మియా కిర్ష్‌నర్‌నీ పక్కపక్కన నిలబెట్టు. కళ్ళు వేరు, ముక్కు వేరు, దవడ వేరు. జుట్టు రంగు ఒక్కటే. కథంతా ఆ పోలిక మీద నిలబడి ఉంది. వాళ్ళిద్దరూ ఒకేలా ఉన్నారని మనకు అనిపించకపోతే ఆ హత్యకు కారణమే లేదు. ఇంత పెద్ద బడ్జెట్ పెట్టినవాళ్ళు ఇది ఎలా వదిలేశారో నాకు అంతుపట్టదు.

తమ్ముడు: మన సినిమాల్లో అయితే ఒకే హీరోయిన్‌తో డ్యూయల్ రోల్ వేయించేసేవాళ్ళు.

అక్క: నిజానికి అదే సరైన పని అయ్యేది! నవ్వకు, సీరియస్‌గా అంటున్నాను. మన పాత డైరెక్టర్లకు ఆ మాత్రం తెలుసు. ప్రేక్షకుడు ఏది నమ్మితే కథ నడుస్తుందో అది ముందు కళ్ళకు చూపించాలి.

తమ్ముడు: సరే, నేను కాస్త డి పామా వైపు మాట్లాడతాను, లేకపోతే మరీ ఏకపక్షం అయిపోతుంది. ఆ క్రేన్ షాట్ గురించి చెప్పు. బకీ, లీ ఎవడి కోసమో ఒక బిల్డింగ్ ముందు కాపు కాసి ఉంటారు. కెమెరా నెమ్మదిగా పైకి లేచి, బిల్డింగ్ కప్పు దాటి, వెనకవైపు ఖాళీ ప్లాటు చూపిస్తుంది. దూరంగా చిన్నగా ఒక స్త్రీ. గడ్డిలో ఏదో చూసి కేకలు పెడుతూ రోడ్డు మీదకు పరిగెడుతుంది. కెమెరా అక్కడ ఆగదు. మళ్ళీ తిరిగి ముందువైపుకు దిగి వస్తుంది. ఇక్కడ వీళ్ళు కాల్పుల్లో ఇరుక్కుంటారు. శతాబ్దంలోనే పేరుమోసిన హత్య గోడకు అవతల బయటపడుతుంటే, గోడకు ఇవతల ఉన్న పోలీసులకు తెలియదు. కత్తిలాంటి షాట్ అది.

అక్క: ఒప్పుకుంటాను. సినిమాలో బెస్ట్ షాట్ అదే. కానీ ఆ షాట్ ఏం చేస్తోందో చూడు. కెమెరా ఆ అమ్మాయిని దూరం నుంచి ఒక్కసారి చూసి వెనక్కి వచ్చేసింది. ఎక్కడికి వచ్చింది? లీ దగ్గరకు. ఆ కాల్పులు కూడా అనుకోకుండా జరిగినవి కావు, అందులో లీ సొంత లెక్క ఒకటుంది అని తర్వాత తెలుస్తుంది. అంటే కెమెరా తనకు కావలసిన కథ ఏదో అక్కడే చెప్పేసింది. ఇక మిగతా సినిమా అంతా అదే వరస. శవం దొరికింది, చూశాం, ఇక మన పోలీసుల ప్రేమలు, అప్పులు, పాత బ్యాంకు దోపిడీ చూద్దాం రండి.

తమ్ముడు: నేను మెచ్చుకున్న షాట్‌నే నా మీదకు తిప్పావు.

అక్క: నవలలో కూడా ఆ పోలీసుల కథే ఎక్కువ, నేను కాదనను. కానీ నవలలో వాళ్ళు పనిచేస్తారు. ఇంటింటికీ తిరుగుతారు, బార్లలో అడుగుతారు, తప్పుడు సమాచారాల వెంట పరిగెడతారు. పేజీల కొద్దీ ఆ విసుగు ఉంటుంది. ఆ విసుగులోంచే పిచ్చి పుడుతుంది. సినిమాలో లీకి పిచ్చెక్కినట్టు మనకు మాటల్లో చెప్తారు. మాత్రలు మింగుతాడు, అరుస్తాడు, గోడకు ఫొటోలు అంటిస్తాడు. ఎందుకంత బాధ అంటే చిన్నప్పుడు పోయిన చెల్లెలి సంగతి ఒక్క ముక్కలో చెప్పి ముగించేస్తారు.

తమ్ముడు: ఎల్రాయ్ సొంత జీవితం తెలిస్తే ఆ నవలలో ఉన్న పిచ్చి ఎక్కడిదో అర్థమవుతుంది. చాలామందికి తెలియదు, చెప్పొచ్చా?

అక్క: చెప్పు, చెప్పు.

తమ్ముడు: 1958లో ఆయనకు 10 ఏళ్ళు. లాస్ ఏంజెలిస్ పక్కన ఎల్ మాంటే అనే ఊళ్ళో వాళ్ళమ్మను ఎవరో చంపి రోడ్డు పక్కన పడేశారు. ఆ కేసు కూడా తేలలేదు. ఆ తర్వాత కుర్రాడు ఎలిజబెత్ షార్ట్ కథ చదివి, అందులోనే మునిగిపోయాడు. అమ్మ గురించి ఏడవలేనిది ఈ అమ్మాయి గురించి ఏడ్చాడన్నమాట. నవలను అమ్మకే అంకితం ఇచ్చాడు. పెద్దయ్యాక ఒక రిటైర్డ్ డిటెక్టివ్‌ను వెంటబెట్టుకుని తల్లి కేసు మళ్ళీ తవ్వాడు, అయినా హంతకుడు దొరకలేదు.

అక్క: అందుకే నవలలో అతను కేసు తేల్చడం నాకు అర్థమవుతుంది. జీవితంలో దొరకనిది కాగితం మీదైనా దొరకబుచ్చుకున్నాడు. సినిమాకు అలాంటి అవసరం ఏముంది? డి పామాకు ఆ అమ్మాయితో బంధం ఏంటి?

తమ్ముడు: ఉంది అక్కా. ఆ స్క్రీన్ టెస్టులు.

అక్క: ఆ, అది నిజమే. చెప్పు.

తమ్ముడు: ఎలిజబెత్ సినిమాలో వేషాల కోసం ఇచ్చిన స్క్రీన్ టెస్టుల రీళ్ళు పోలీసులకు దొరుకుతాయి. నలుపు తెలుపులో, కెమెరా ముందు మియా కిర్ష్‌నర్ ఒక్కతే. కెమెరా వెనక నుంచి ఒక డైరెక్టర్ గొంతు ప్రశ్నలు వేస్తూ ఉంటుంది. ఆ గొంతు స్వయంగా డి పామాదే. ఆమె డైలాగు సరిగ్గా చెప్పలేకపోతుంది, నవ్వేస్తుంది, మళ్ళీ చెప్తుంది. అతను ఎగతాళి చేస్తుంటే కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి, అయినా అతణ్ణి మెప్పించాలనే చూస్తుంది. అక్కడ నేను సినిమా చూస్తున్న సంగతే మర్చిపోయాను.

అక్క: మొత్తం సినిమాలో బతికున్న మనిషి ఆ చనిపోయిన అమ్మాయి ఒక్కతే. మిగతావాళ్ళంతా టోపీలు పెట్టుకుని సిగరెట్లు కాలుస్తున్నారు. ఇంకో సంగతి, నిజం ఎలిజబెత్ ఏ సినిమాలోనూ నటించినట్టు దాఖలా లేదు. ఆ స్క్రీన్ టెస్టులు కల్పన. నాకు దానితో పేచీ లేదు. కల్పనే అయినా ఆమెను చూడాలనే కోరిక అందులో ఉంది. వాటి నిడివి మాత్రం చాలా తక్కువ. అవి అయిపోగానే మళ్ళీ మ్యాడెలీన్ వాళ్ళింటికి భోజనానికి వెళ్ళిపోతాం.

తమ్ముడు: ఆ భోజనం సీను! దాని గురించి నేనేం సమర్థించలేను. బకీ గుమ్మంలోకి రాగానే కెమెరా అతని కళ్ళయిపోతుంది. ఇంట్లోవాళ్ళందరూ కెమెరాలోకి చూస్తూ మనల్నే పలకరిస్తారు. హాల్లో నోట్లో పేపరుతో కూరి పెట్టిన కుక్క. అమ్మగా ఫియోనా షా. ఎంత గొప్ప నటి! ఇక్కడ మాత్రం ఆవిడ పూనకం వచ్చినట్టు చేసింది. చూస్తుంటే నవ్వాలో భయపడాలో తెలియలేదు.

అక్క: డి పామా కావాలనే అలా చేయించాడు అంటారు కొందరు. కావచ్చు. కానీ పక్కన హార్ట్‌నెట్ ఏమో నిద్ర మొహంతో సీరియస్‌గా కూర్చుని ఉంటాడు. ఒకే బల్ల దగ్గర నాలుగు సినిమాలు నడుస్తున్నాయి. ఎవరూ పక్కవాళ్ళ సినిమా చూడలేదు.

తమ్ముడు: జొహాన్సన్ సంగతి?

అక్క: పాపం, ఆ అమ్మాయికి అప్పటికి 20, 21 ఏళ్ళు ఉంటాయేమో. చాలా చూసి వచ్చిన మనిషి పాత్ర అది. స్వెట్టర్లు బాగున్నాయి.

తమ్ముడు: సరే, చివరికి వద్దాం. హంతకులు.

అక్క: ఈ సినిమాకు పరిశోధన అవసరమే లేదు అనిపించేది ఇక్కడే. దర్యాప్తు కథలో ఒక్కొక్క తాడు లాగుతూ వెళ్తే చివరికి ముడి కనిపించాలి. ఇక్కడ బకీ ఒక పాత మూకీ సినిమాలో మనిషి నవ్వునూ, గోడ మీది ఒక బొమ్మనూ కలుపుకుని ఆ ఇంటికి వెళ్తాడు. అప్పుడు మ్యాడెలీన్ వాళ్ళమ్మ మెట్ల దగ్గర నిలబడి మొత్తం చెప్పేస్తుంది. నేనే చంపాను, ఎందుకు చంపానంటే, ఆ పక్కన ఎవరున్నారంటే, మ్యాడెలీన్ అసలు తండ్రి ఎవరంటే. అంతా అయ్యాక తుపాకీతో కాల్చుకుంటుంది. ఆ తర్వాత కూడా లీని చంపింది మ్యాడెలీన్ అని ఇంకో చిట్టా. కే దగ్గర బ్యాంకు డబ్బుల చిట్టా మరొకటి.

తమ్ముడు: మన దగ్గర విలన్ క్లైమాక్స్‌లో హీరోను స్తంభానికి కట్టేసి, "ఎలాగూ చావబోతున్నావు కాబట్టి చెప్తున్నాను" అంటాడే, అలాగే ఉంది. కనీసం మనవాడు ఫ్లాష్‌బ్యాక్‌కు ఒక రంగు వేసి చూపిస్తాడు.

అక్క: వీళ్ళూ చూపించారు. అదే ఇంకా నొప్పి. ఎలిజబెత్‌ను చంపడం కూడా కళ్ళ ముందు పెట్టారు. నిజంగా చనిపోయిన మనిషి అది. ఎవరు చంపారో ఎవరికీ తెలియని కేసు. ఒక కల్పిత కుటుంబాన్ని తెచ్చి అంటగట్టి, ఆ అమ్మాయిని మళ్ళీ మన ముందు చంపించారు. రెండు గంటలు తిప్పి తిప్పి తెచ్చింది ఇందుకా? కొండంత రాగం తీసి కూసంత పాట పాడినట్టు ఉంది.

తమ్ముడు: మనకు తెలిసిన ఇంకో దారి ఉండేది కదా. డైరెక్టర్ డేవిడ్ ఫించర్.

అక్క: అవును. డి పామా కంటే ముందు ఈ ప్రాజెక్టు ఫించర్ చేతిలో ఉండేది. ఏళ్ళు తిరిగినా కుదరక వదిలేశాడు. ఈ సినిమా వచ్చిన మరుసటి ఏడాది, 2007లో, అతని "జోడియాక్" వచ్చింది. అదీ పీరియడ్ సినిమానే, అంటే పాత కాలంలో జరిగే కథే. శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల 1960ల చివర్లో జరిగిన హత్యలు. అదీ తేలని కేసే.

తమ్ముడు: రెండిటినీ వెంటవెంటనే చూస్తే ఎక్కడ తేడా వచ్చిందో వేలు పెట్టి చూపించొచ్చు.

అక్క: జోడియాక్‌లో ఒక సీనుంటుంది. రెండు మూడు ఊళ్ళ పోలీసులు ఫోన్లో మాట్లాడుకుంటారు. మీ దగ్గరున్న కాగితాలు టెలిఫాక్స్‌లో పంపండి అంటే, మాకింకా టెలిఫాక్స్ రాలేదండీ అంటారు. పోస్టులో పంపాలి. అంతే సీను. కానీ హంతకుడు ఎందుకు దొరకలేదో నాకు అప్పుడర్థమైంది. ఊరికొక పోలీసు శాఖ, ఒకరి దగ్గర చేతిరాత, ఇంకొకరి దగ్గర తూటాలు, కలిపి చూసేవాడు లేడు. పీరియడ్ అంటే అదీ. ఆ కాలంలో ఏది లేదో, ఏది ఎంత ఆలస్యమో, దానివల్ల ఎవరు నష్టపోయారో. ఇప్పుడు సౌండ్‌ఫొటో మెషిన్ గుర్తు తెచ్చుకో. బ్లాక్ డాలియా కేసులో అలాంటివి కుప్పలుగా ఉన్నాయి. పత్రికవాళ్ళ దగ్గరున్న యంత్రం పోలీసుల దగ్గర లేదు. అందుకే పత్రికవాళ్ళు పోలీసుల నెత్తిన కూర్చున్నారు. అందుకే తల్లికి మొదటి ఫోన్ పోలీసుల నుంచి వెళ్ళలేదు. అది మొత్తం ఒక సినిమా. వీళ్ళు దాన్ని వదిలేసి కార్లు తెచ్చారు.

తమ్ముడు: కార్లు బాగున్నాయి కానీ.

అక్క: కార్లు బ్రహ్మాండం. రోడ్లు మాత్రం బల్గేరియాలో ఉన్నాయి.

తమ్ముడు: అది చెప్పాలి! ఎక్కువ భాగం సోఫియా దగ్గర సెట్లేసి తీశారు. ఖర్చు కలిసొస్తుందని. తప్పేం లేదు, మన ఫిల్మ్ సిటీలో అన్ని దేశాలూ ఉన్నాయి కదా. కానీ ఈ సినిమాలో వీధికి రెండు చివరలూ కనిపించవు. నాలుగు షాపులు, ఒక మలుపు, ఆ మలుపు తర్వాత ఊరు లేదనిపిస్తుంది.

అక్క: లాస్ ఏంజెలిస్ అంటే ఎండ. కొట్టొచ్చే తెల్లటి ఎండ. జనవరిలో కూడా. ఆ ఎండలో, ఖాళీ ప్లాటులో, రోడ్డుకు అడుగుల దూరంలో శవం పెట్టడం, అదీ ఈ కేసులో భయం. వీళ్ళేమో మొత్తం సినిమాకు పాత ఫొటో రంగు పూశారు. చూడముచ్చటగా ఉంది, జిగ్మండ్‌కు ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది. ఆ సినిమాకు దక్కిన ఆస్కార్ నామినేషన్ అదొక్కటే.

తమ్ముడు: ఇదే రచయిత నవలతో తీసిన "ఎల్.ఏ. కాన్ఫిడెన్షియల్" 1997లో వచ్చింది. దానికి 9 నామినేషన్లు, 2 ఆస్కార్లు. అది 1950ల కథ. ఆ డైరెక్టర్ కర్టిస్ హాన్సన్, కెమెరామన్ డాంటే స్పినోటి ముందే ఒక నిర్ణయం తీసుకున్నారు. పాతకాలం సినిమాలా కనిపించకూడదు, ఇవాళ్టి కథ తీస్తున్నట్టే తీయాలి, కాలం వెనక ఉండాలి, మనుషులు ముందుండాలి అని. సెట్లు కాకుండా అసలు ఊళ్ళోనే పాత బిల్డింగులు వెతికి తీశారు.

అక్క: అందుకే అందులో కార్లు ఏ మోడలో నాకు ఒక్కటీ గుర్తులేదు. మనుషులు గుర్తున్నారు. ఇంకో తేడా, ఆ నవల కూడా చాలా చిక్కుల నవల. స్క్రీన్‌ప్లే రాసినవాళ్ళు ధైర్యంగా సగం కథ కోసేశారు. బ్లాక్ డాలియాలో ఎవరికీ ఏదీ కోయబుద్ధి కాలేదు. బాక్సింగ్ కావాలి, అల్లర్లు కావాలి, బ్యాంకు దోపిడీ కావాలి, కోటీశ్వరుల కుటుంబ రహస్యాలు కావాలి, ముగ్గురి ప్రేమ కావాలి. అన్నీ రెండు గంటల్లో కుక్కారు. దేనికీ ఊపిరాడలేదు.

తమ్ముడు: ఒక చోట నవల నుంచి పక్కకు జరిగారు. నవలలో లీ మెక్సికో వెళ్ళి మాయమైపోతాడు. బకీ అతని కోసం వెతుక్కుంటూ వెళ్ళి, తవ్వితే శవం దొరుకుతుంది. సినిమాలో దాన్ని మెట్ల మీద హత్యగా మార్చారు. పెద్ద భవనం, గుండ్రటి మెట్లు, పైనుంచి నీడలాంటి ఆకారం, గొంతు కోయడం, కిందికి పడిపోవడం. డి పామాకు మెట్లంటే ప్రాణం కదా. పక్కా అతని స్టైల్.

అక్క: విడిగా చూస్తే బాగుంటుంది. కానీ నవలలో బకీ నెలల తరబడి స్నేహితుడు ఏమయ్యాడో తెలియక నలిగిపోతాడు. తెలియకపోవడమే ఆ కథ ప్రాణం. సినిమాలో బకీ మెట్ల కింద నిలబడి పైకి చూస్తూ ఉంటాడు, మనమూ చూస్తాం, అయిపోయింది. ఈ సినిమాకు తెలియకపోవడం అంటే భయం. ప్రతి ఖాళీలోనూ ఏదో ఒకటి కూరింది.

తమ్ముడు: మరి రేటింగ్?

అక్క: రేటింగులు మనం ఇవ్వం కదరా, కొత్తగా ఏంటి?

తమ్ముడు: అడిగి చూశాను. పోనీ ఇది చెప్పు, ఎవరైనా చూస్తానంటే ఏం చెప్తావు?

అక్క: డి పామా అభిమానులైతే క్రేన్ షాట్ కోసం, మెట్ల సీను కోసం చూడొచ్చు. మిగతావాళ్ళకు ఆ స్క్రీన్ టెస్టులు చాలు. కేసు మీద ఆసక్తి ఉంటే సినిమా వదిలేసి, ఎఫ్.బి.ఐ. వెబ్‌సైట్‌లో ఈ కేసు మీద ఒక పేజీ ఉంది, అది చదవండి. చాలా చిన్నదే. ఆ 56 నిమిషాల సంగతి కూడా అందులో ఉంది.

తమ్ముడు: నేనైతే నవల చదవమంటాను. కానీ రాత్రిపూట వద్దు. ఇక ఎల్.ఏ. కాన్ఫిడెన్షియల్ చూడనివాళ్ళు ఎవరైనా ఉంటే, ఈ వీకెండ్ పని అదే. వచ్చే వారం దాని మీదే ఎపిసోడ్ చేద్దామా అక్కా?

అక్క: చేద్దాం. ఈసారి నువ్వు కథ చెప్పక్కర్లేదు, నేను చెప్తాను. కుస్తీకి, బాక్సింగ్‌కి తేడా తెలిసినవాళ్ళు చెప్తే మంచిది.